క్షౌరపు సబ్బులు: ఇంటివియు, అంగడివియు

పురుషులు గడ్డమునకు రాచుకొను సబ్బును గూర్చి స్త్రీలు చదువు పత్రికలో వ్రాయనేల యని సోదరీమణులు కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు ముందొక్క మాట. మన యిండ్లలో ఆ సబ్బును తెప్పించువారెవరు? అది మేనికి పడక చెక్కిళ్లు కందినపుడు కొబ్బరినూనె గిన్నెతో ఎదుట నిలుచువారెవరు? ఇది గాక మాకు మఱియొక కారణమును కలదు. గడచిన యేడాదిగా మా యింట క్షౌరపు కత్తి మా చేతనే యున్నది.

మా మామగారికి ఎనుబది యేండ్లు దాటినవి. రెండేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పినది. మాసిన గడ్డముతో వీధియరుగుపై కూర్చుండుట ఆయన జన్మమున ఎఱుగరు. చేవెళ్లలో మా యింటికి వాడుకగా వచ్చు మంగలి ముసలివాడై అడపము కట్టిపెట్టినాడు. ఆతని కుమారుడు మొయినాబాదు దారిలో సెలూను నడుపుకొనుచున్నాడు. వారమున కొక్కసారి యింటికి వచ్చిపోవుటయే ఆతని దయ. మా వారు బడికి పోవు తొందరలో రెండుమారులు గీచి, రెండుమారులును గాటు పెట్టిరి. మామగారు నెత్తురు గడ్డకట్టకుండ మాత్రలు మ్రింగుచున్నారు గనుక చీమకుట్టినంత గాటునుండియు పావుగంట నెత్తురు కాఱును. తుదకా పని మా మీద పడినది. కోడలు మామగారి ముఖము ముట్టుటకు మొదట ఆయనయు సిగ్గుపడిరి, మేమును సిగ్గుపడితిమి. "పసిబిడ్డకు నీళ్లు పోసినట్లే అనుకోరాదా!" అని మా అత్తగారు కసరిన పిమ్మట ఇరువురి సిగ్గును తీరినది.

కత్తి పట్టుట నెల దినములలో అలవడినది. సబ్బు మాత్రము అలవడలేదు. ఇంట నెన్నో యేండ్లుగా వాడుచున్న గొట్టపు క్రీముతోనే మేమును మొదలుపెట్టితిమి. మూడవ వారమునకు దవడల క్రింద ఎఱ్ఱని దద్దురులు లేచినవి. ఒకనాటి యుదయము ఆయన మా చేయి పట్టి యాపి, "మంట పుడుతున్నది బిడ్డా. ఇడిసిపెట్టు, గడ్డం పెంచుకుంట" అనిరి. ఆ వారమంతయు అరుగు మీదికి రాలేదు. ప్రతిదినము వచ్చి పత్రిక చదివి వినిపించు పాతమిత్రుడొకరు వాకిటినుండియే మరలిపోయిరి. ఇంత వయసున మనుష్యునకు మిగులునది ఆ యరుగు, ఆ మిత్రుడు, ఆ పత్రికయే గదా! అదియు సబ్బు మూలమున పోవుట మాకు సహింపరాకపోయినది.

మొయినాబాదు మా పుట్టినయూరు. అచ్చట మా చిన్ననాటి నెచ్చెలి యొకతె మహిళాసంఘమువారి ప్రోత్సాహమున ఇంటనే సబ్బులు చేయుచున్నది. చిలుకూరు బాలాజీ దర్శనమునకు వచ్చువారు కొందఱు వానిని కొనుచుందురు. మా కష్టము విని ఆమె గడ్డమునకని ప్రత్యేకముగ నాలుగు బిళ్లలు పోసి, అరటియాకున చుట్టి తెచ్చి యిచ్చినది. "చేతి సబ్బు అక్కా, మందులు గిందులు లేవు. చల్లగుంటది" అని చెప్పినది. మేమును నమ్మితిమి. చేతితో చేసినది మృదువు, యంత్రము చేసినది కఠినము అను తలంపు మనలో ఎట్లు నాటుకొన్నదో గాని, విచారింపకయే దానిని సత్యమని యెంచుచున్నాము. మూడు దినములు వాడితిమి. దద్దురు తగ్గకపోగా చెక్కిళ్లు పొలుసు లేచి, గడ్డము క్రింద రెండుచోట్ల నెత్తురు చెమ్మ కనిపించినది.

అపుడు కలిగిన చిక్కు రెండు విధములు. ఒకటి, మామగారికి ఏది పడునో తెలియలేదు. రెండవది, నెచ్చెలితో ఏమని చెప్పుట? సంఘమునుండి తెచ్చిన అప్పు ఆ సబ్బుల మీదనే తీఱవలెను. ఊరకున్న మఱియొకరి ముఖము కందును. చెప్పిన ఆమె మనసు కందును. పది దినములు తర్కించుకొని, ముందుగ దోషమెక్కడిదో నిశ్చయముగ తెలిసికొని, ఆ పిమ్మట చెప్పుదమని నిర్ణయించితిమి. మా వారు బడిలో శాస్త్రపాఠములు చెప్పువారగుట మా భాగ్యము. ఇంటి త్రాసు, గాజుసీసాలు, నాలుగు సబ్బులు ముందిడుకొని సెలవుదినములలో పరీక్షకు పూనుకొంటిమి. ఆ నాలుగు ఏవనగా: మేము వాడుచున్న గొట్టపు క్రీము, నొక్కగనే నురుగు వెలువడు ఇనుపడబ్బా, నెచ్చెలి బిళ్ల, మా మఱిది పట్టణమునుండి తెప్పించిన, చేతిపనివారు కొలదిగా చేసి డబ్బాలలో నింపి అమ్ము ఖరీదైన క్షౌరపు సబ్బు. ఈ కడపటిదాని వెల క్రీమునకు నాలుగింతలు! మా అత్తగారు కుంకుడురసమును ఐదవదిగా చేర్పుమనిరి. నిఘంటువులలో కుంకుడునకు ఫేనిలమని పేరు. నురుగు గలదని యర్థము. పేరు సార్థకమే గాని, తలంటుకొనునపుడు కన్నులలో పడిన కుంకుడు మంట నెఱిగినవారెవరును దానిని ముక్కు క్రింద రాయ సాహసింపరు. అందుచే దానిని విడిచితిమి.

నురుగు సంగతి చెప్పుటకు ముందు దాని ప్రయోజన మేమో చెప్పవలెను. వెండ్రుకను మెత్తబఱచునది సబ్బు కాదు, నీరు. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు తడిపిన గడ్డము నీరు పీల్చి మెత్తబడును. ఆ తడిని ఆరిపోకుండ పట్టియుంచుటయు, కత్తి చర్మముపై జాఱునట్లు చేయుటయు నురుగు పని. కావున నురుగు ఎంత యెత్తు లేచినదన్నది ముఖ్యము కాదు. ఎంత దట్టముగ, ఎంతసేపు నిలిచినదన్నది ముఖ్యము. భాగవతము అష్టమస్కంధమున, తడిదానిచే గాని పొడిదానిచే గాని చావులేని నముచిని ఇంద్రుడు నురుగుతో చంపినకథ కలదు. క్షౌరమునకు పనికివచ్చు నురుగును అట్టిదే. మిక్కిలి తడియైన కాఱిపోవును, మిక్కిలి పొడియైన పొరలై యూడును. ఈ మాట మేము మామగారితో ననగా చాలదినములకు ఆయన నవ్విరి.

ఇక సబ్బు పుట్టుక. నూనెయో కొవ్వో క్షారముతో కలిసి సబ్బుగను గ్లిజరినుగను మాఱును. కాస్టిక్ సోడాతో గట్టి సబ్బు కుదురును. కాస్టిక్ పొటాషుతో మెత్తనిది, నీట త్వరగా కరగునది కుదురును. కొబ్బరినూనె సబ్బు క్షణములో పెద్ద బుడగలు లేపును గాని ఆ బుడగలు నిలువవు. పైగా మేనిలోని జిడ్డును మిక్కిలిగ కడిగివేయును. ఎక్కువసేపు నిలుచు, వెన్నవంటి దట్టపు నురుగు స్టియరిక్ ఆమ్లమునుండి వచ్చును. కొవ్వొత్తులు చేయువారి యొద్ద తెల్లని పలుకులుగ దొరకునది అదియే. పూర్వము దానికై పశువుల కొవ్వు వాడెడివారు; విదేశపు సబ్బులు కొన్నిటిలో నేటికిని వాడుచున్నారు. పొట్లముపై సోడియం టాలోవేట్ అనియున్న అది పశువు కొవ్వని తెలియవలెను. తాటిజాతి చెట్టుయొక్క పామాయిలునుండియు స్టియరిక్ ఆమ్లము తీయవచ్చును గనుక శాకాహారులు బెదరనక్కఱలేదు. మంచి క్షౌరపు సబ్బనగా స్టియరిక్ ఆమ్లము హెచ్చుగను, కొబ్బరినూనె తగుమాత్రముగను, సోడా పొటాషులు రెండును కలిసియు ఉండునది. స్నానపు సబ్బులో ఈ పాళ్లుండవు. అందుచేతనే స్నానపు సబ్బుతో గడ్డము గీచుకొనువారికి నురుగు సగములోనే ఆరిపోవుచుండును.

మా మొదటి పరీక్ష ఒక విచిత్రమును చూపినది. ఇంటి బోరునీటితో కలిపినపుడు నాల్గింటిలో దట్టమైన నురుగు గొట్టపు క్రీముదే. మఱిది తెచ్చిన ఖరీదైన సబ్బు విఱిగిన పాలవలె తెల్లని తుంపరలై గిన్నె యంచున నంటుకొన్నది. నెచ్చెలి బిళ్ల బుడగలు లేపి, మేము కుంచె క్రిందబెట్టునంతలో అణగిపోయినది. డబ్బానురుగు చూచుటకు పర్వతమువలె నున్నది. చేత పట్టి పిండిన గాలియే గాని నీరు లేదు. మా వారు ఆలోచించి, ఈమాఱు మిషన్ భగీరథ నల్లానీటితో చేయుమనిరి. చేసితిమి. అపుడు ఖరీదైన సబ్బు తన వెలకు తగినట్లు మీగడవంటి నురుగు నిచ్చి, క్రీమును మించినది! తప్పు సబ్బుది కాదు, నీటిది.

మా ప్రాంతపు బోరుల నీటిలో సున్నము మెగ్నీషియములు మిక్కుటము. కాగులలో నంటు తెల్లని పెచ్చులను చూచినవారికి వేఱు చెప్పనక్కఱలేదు. ఆ లవణములు సబ్బుతో కలిసి కరగని మడ్డియగును. మడ్డిగా పోయిన సబ్బు నురుగునకు రాదు. స్టియరిక్ సబ్బు ఈ విషయమున మఱింత సుకుమారము. కర్మాగారములవారు దీని నెఱిగి ఇ.డి.టి.ఏ. యను పదార్థమును చిటికెడు చేర్తురు. అది సున్నమును ముందుగనే పట్టి బంధించును, సబ్బు తప్పించుకొనును. చేతి సబ్బువారు పలువురు రసాయనమన్న భయముచే దానిని చేర్పరు. అంగడి క్రీము మా యూర గెలుచుటకు ఇదియే రహస్యము. పెద్ద పట్టణమున చెఱువునీటితో చేసి చూచి మెచ్చుకొన్న సబ్బు చేవెళ్ల బోరునీట ఓడిపోవుటలో వింత లేదు. ఇచ్చట ఒక మాట చెప్పకుండలేము. 1908 నాటి మూసీ వఱదల పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై, పట్టణమునకు మంచినీరిచ్చినవి. ఆ చెఱువుల రక్షణకని 1996లో వెలువడిన 111వ జీవో మా మొయినాబాదు, చేవెళ్ల పల్లెలకును వర్తించినది. ఆ నీటిని కాచు పల్లెలలోనే ఇండ్లవారు బోరునీటితో సబ్బు విఱుగగొట్టుకొనుచుండిరి. భగీరథ నల్లాలు వచ్చిన పిమ్మట కొంత మేలు. అదియు ప్రతిదినము ఒకే వేళకు వచ్చునని చెప్పలేము గనుక క్షౌరమునకని ఒక చెంబెడు పట్టి మూతబెట్టుచున్నాము. నల్లా లేనివారు బోరునీటిని బాగుగ మఱిగించి, చల్లార్చి, అడుగున పేరిన సున్నమును కదపక పైతేట వంచుకొన్న కాఠిన్యములో కొంత భాగము పోవును. వాననీరు దొరకిన అంతకు మించినది లేదు.

నురుగు సంగతి తేలినది. మేని సంగతి తేలుట కష్టమైనది. చర్మము సహజముగ కొంచెము పులుపు గుణము గలది; శాస్త్రజ్ఞుల కొలతలో దాని పి.హెచ్. ఇంచుమించు 5. ఇంటిదైనను అంగడిదైనను, నిజమైన సబ్బు నీట కరగినపుడు 9 లేక 10 చూపును. పడుచువారి చర్మము కొన్ని గంటలలో తిరిగి తన గుణమునకు వచ్చును. వృద్ధుల చర్మము పలుచన, జిడ్డు తక్కువ, తేరుకొనుట ఆలస్యము. కావున ముసలివారి విషయమున మంచి సబ్బునైనను ఎక్కువసేపు ముఖముపై నుంచరాదు. ఇది అన్ని సబ్బులకును సమానము. మఱి క్రీమునకు దద్దురేల, నెచ్చెలి బిళ్లకు పొలుసేల?

క్రీము విషయము ముందుగ తేలినది. అదే జాతి క్రీము, పరిమళము లేనిది, వేఱొకటి తెప్పించి మామగారి ముంజేతి లోపలివైపున ఉదయము సాయంకాలము కొంచెము నురుగు పూసి, క్షౌరమునకు పట్టునంతసేపు ఉంచి కడిగితిమి. రెండవ చేతికి పాతదానిని అట్లే చేసితిమి. ఐదవ దినమున పాతదాని చోట ఎఱుపు లేచినది. పరిమళము లేనిదాని చోట ఏమియు లేదు. సౌందర్యసాధనములచే కలుగు అలర్జీలకు పరిమళద్రవ్యములు ముఖ్యకారణములలో నొకటియని వైద్యులు చెప్పుచున్నారు. సువాసన గంధపుదైనను, నిమ్మదైనను, కర్మాగారపుదైనను చర్మమునకు భేదము లేదు. 'సహజతైలము' అని వ్రాసినంతమాత్రమున అది పడునని యెంచరాదు; నిమ్మజాతి తైలములలోని పదార్థములు గాలి సోకి పాతబడినకొలది మఱింత బాధించును. ఇక మెంథాలు చల్లదనము ఒక భ్రాంతి. అది మంటను తెలియనీయదు గాని మాన్పదు. ఈ ముంజేతి పరీక్ష పది దినములు ఓపికగ చేయదగినది. సబ్బును పూసి కట్టుకట్టరాదు. అట్లు చేసిన పడు సబ్బునకును చర్మము మండును.

నెచ్చెలి బిళ్లలో పరిమళము లేదు. దాని చిక్కు వేఱు. మా వారు ఫినాఫ్తలీను అను ద్రావకమును తెచ్చిరి. క్షారము తగిలిన అది గులాబిరంగు నెక్కును. నీట కరగించి చూచిన ప్రతి సబ్బును ఎంతోకొంత రంగు చూపును గనుక మోసపోవుదుము. బిళ్ల తురుమును స్పిరిటులో కరగించి చూడవలెను. ఖరీదైన సబ్బు ద్రావణము తెల్లగనే యుండెను. నెచ్చెలిది నిండు గులాబి! అనగా నూనెతో కలియక మిగిలిన కాస్టిక్ సోడా ఆ బిళ్లలో కలదు. ఆ బిళ్లతోనే మేము ఎనుబది యేండ్ల ముఖమును మూడు దినములు రుద్దితిమి. ఆ సాయంకాలము మాకు అన్నము సహింపలేదు.

మఱునాడు మొయినాబాదు పోయితిమి. దారిపొడుగున మఱ్ఱినీడలలో ఏమి చెప్పవలెనో కూర్చుకొనుచునే యుంటిమి. తీరా చెప్పగా ఆమె కోపింపలేదు, నిలువునీరైనది. కొంతసేపటికి తేరుకొని, తాను వ్రాసికొన్న పుస్తకము తెచ్చి మా ముందు పెట్టినది. లెక్క సరిగనే యున్నది. కిలో కొబ్బరినూనెకు 183 గ్రాముల సోడా. అది సిద్ధాంతప్రకారము సరియైనదే. "మఱి నూనె ఎట్లు కొలుతువు?" అని యడిగితిమి. "లీటరు సీసాతోనే" అన్నది. అక్కడ దొరకినది దొంగ. లీటరు కొబ్బరినూనె కిలో తూగదు. ఇంచుమించు 920 గ్రాములు. దానికి చాలు సోడా 168 గ్రాములు మాత్రమే. ప్రతి లీటరు పోతలోను 15 గ్రాముల సోడా నూనె దొరకక మిగిలిపోవుచున్నది. దానికి తోడు, ఎఱిగిన సబ్బువారు మేనికి మెత్తదనమునకై సోడాను లెక్కకన్న ఐదు పాళ్లు తగ్గించి, కొంత నూనెను మిగుల్తురు. ఆమె అదియు చేయలేదు. స్నానపు సబ్బును క్షణములో కడిగివేయుదురు గనుక ఎవరును గుర్తింపలేదు. గడ్డమునకైన కుంచెతో నూరి, నిమిషములకొలది యుంచి, పైన కత్తితో గీతుము, దోషము దాగదు.

"ఇంకో నెల ఆరబెడితే పోదా అక్కా?" అని యడిగినది. చాలమంది ఈ భ్రమలోనే యున్నారు. సబ్బును నాలుగారు వారములు ఆరబెట్టుట నీరు పోయి బిళ్ల గట్టిపడుటకు. లెక్కతప్పి మిగిలిన సోడా ఆరినంతమాత్రమున ఎగిరిపోదు. ఆ పోతనంతయు బట్టలుతుకుటకు విడిచినది. అమ్మిన స్నానపు బిళ్లలను కూడ, తెలిసినవారి యిండ్లకు పోయి వెనుకకు తెచ్చుకొన్నది. ఆమె ధైర్యమునకు మేము లోలోపల చేతులెత్తి మ్రొక్కితిమి. అట్లు తిరిగి తెచ్చుకొను అంగడివారు ఎందఱు?

పిమ్మట నిరువురము కలిసి రెండవపోత పోసితిమి. ఈమాఱు నూనెతోసహా ప్రతివస్తువును త్రాసుతో తూచితిమి. స్టియరిక్ ఆమ్లము సగపాలు, మిగిలిన సగము కొబ్బరినూనె, ఆముదము. ఆముదము నురుగునకు జిగి నిచ్చును. సోడాకన్న పొటాషు హెచ్చు. పొటాషు తూకము సోడాకు ఒకటింబాతిక కన్న ఎక్కువ, ఇంచుమించు ఒకటి నాలుగు పదుల పాళ్లు పట్టునని మా వారు లెక్కగట్టి యిచ్చిరి. అది సోడాతో సమానమని పోసిన నూనె కొంత పచ్చిగ మిగులును. బోరునీటికై నిమ్మఉప్పు కొంచెము చేర్చితిమి. అది క్షారముతో కలిసి సిట్రేటుగా మాఱి సున్నమును కొంతవఱకు బంధించును. అయితే నిమ్మఉప్పు తానును క్షారమును త్రాగును గనుక ఆ లెక్కయు వేయవలెను. పది గ్రాములు ఆఱు గ్రాములకు పైగా సోడాను మ్రింగును. పరిమళము ఏదియు వేయలేదు. స్టియరిక్ ఆమ్లము చల్లని పద్ధతిలో చూచుచుండగనే గడ్డకట్టును. సన్నసెగపై వేడిగానుంచి కలుపవలెను. చేతులు నొప్పి పుట్టినవి.

ఇది చదివి ఇంటనే ప్రయత్నింపగోరు సోదరీమణులకు రెండు హెచ్చరికలు. సోడాను నీటిలో కొంచెము కొంచెముగ వేయవలెను గాని సోడాపై నీరు పోయరాదు. పోసిన పొంగి ముఖముపై చిమ్మును. అల్యూమినియము పాత్ర ముట్టరాదు. క్షారము దానిని తినివేసి మండు వాయువును వెడలించును. కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు లేక ఈ పనికి దిగవలదు. పిల్లలున్న వంటింట అసలే వలదు. నేర్చుకొనదలచినవారు పుస్తకములను నమ్ముటకన్న చేసిచూపు చోటికి పోవుట మేలు. రాజేంద్రనగరమునందలి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో గ్రామీణ సాంకేతికోద్యానము కలదు. అచ్చట పల్లెటి చేతిపనులలో శిక్షణ యిత్తురు.

పోసిన బిళ్లలు ఆఱు వారములు ఆరినవి. స్పిరిటులో రంగెక్కలేదు. ముందుగ మా చేతికి, పిమ్మట మా వారి గడ్డమునకు, పది దినముల తరువాత మామగారి ముంజేతికి, అటుపిమ్మట ముఖమునకు వాడితిమి. నిజము దాచనేల? నల్లానీట నురుగు ఖరీదైన సబ్బుతో సాటి రాలేదు. దానికి కొంచెము తక్కువ. బోరునీట పరిమళము లేని అంగడి క్రీముకన్నను తక్కువే. కాని మామగారి చెక్కిలి రెంటికిని ఒకే తీరున నిమ్మళముగ నున్నది. కావున నల్లా వచ్చిన దినమున నెచ్చెలి బిళ్ల, రాని దినమున పరిమళము లేని క్రీము. మఱిది తెచ్చిన డబ్బా మంచిదే. అయినను ఆ వెలకు మా యింట నెలసరి పప్పు వచ్చును. నొక్కు డబ్బాను మా వారు ప్రయాణములకు ఉంచుకొన్నారు. దానిని వాడునపుడు ముందు ముఖమును నీటితో చక్కగ తడుపవలెనని మాత్రము చెప్పుచున్నాము. ఆ గాలినురుగు తడి నియ్యదు.

సబ్బు ఎంత మంచిదైనను చేతిలోని పొరపాటును కప్పలేదు. వెండ్రుక మొలచిన దిక్కుననే గీయుట, ఒకచోట రెండుమార్లకన్న కత్తి త్రిప్పకుండుట, మొద్దుబాఱిన బ్లేడును పాఱవేయుట, మంగలికుమారుడు మాకు నేర్పిన పాఠములు. ఎదురు గీచిన వెండ్రుక చర్మములోనికి వంకర తిరిగి మొటిమలగును. అవి చీముపట్టినను, దద్దురు వారమునకు తగ్గకున్నను చర్మవైద్యునికి చూపవలెను గాని సబ్బులు మార్చుచు కూర్చుండరాదు. పటికబిళ్ల చిన్నగాటున నెత్తురు నాపును. కందిన చెక్కిలిపై రాచిన మాత్రము కారము చల్లినట్లుండును.

నెచ్చెలికి ఇపుడు వేఱొక పని పడినది. గడ్డపు సబ్బు చట్టప్రకారము సౌందర్యసాధనము. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టమును, 2020 నాటి నియమములును అనుసరించి, దానిని అమ్మకమునకై చేయువారికి ప్రభుత్వపు అనుమతిపత్రము ఉండవలెను. పొట్లముపై చేసినవారి చిరునామా, చేర్చిన పదార్థముల పట్టిక, వాడదగిన గడువు ముద్రింపవలెను. చేతి సబ్బు పేరిట బజారులో అమ్ముడగు ఎన్నో బిళ్లలకు పువ్వుబొమ్మ తప్ప మఱేమియు కానరాదు. ఆమె అనుమతికై కాగితములు కూర్చుచున్నది. అంతవఱకు గడ్డపు బిళ్లలు అమ్మనని చెప్పినది. ఆ సంఘపు అప్పునకు కిస్తు ఎట్లు కట్టుచున్నదో మేమడుగలేదు; పాలవాని యొద్ద లెక్కలు వ్రాయు పనికి పోవుచున్నదని విన్నాము.

మామగారు మొన్న కార్తికసోమవారమునాడు అరుగు మీదికి వచ్చిరి. పత్రిక చదువు మిత్రుడు ఆయన చెక్కిలిని తడవి చూచి, ఏ సెలూనులో గీయించితివని యడిగిరి. మామగారు లోపలివైపు తల త్రిప్పి, "అడపం మా ఇంట్లనే ఉన్నది" అనిరి. ఆ మిత్రునకును చర్మము సుకుమారమట. ఒక బిళ్ల యిప్పింపుమని యడిగిపోయిరి. ఇంట ఇంకను మూడు మాత్రమే మిగిలినవి.